పతాక సన్నివేశం అంటే క్లైమాక్సేనా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కథలో ఉండే దశల గురించి రేపు క్లాసులో మాట్లాడాలట. "నాన్నా, క్లైమాక్స్‌ని తెలుగులో ఏమని రాయను?" అంది. పతాక సన్నివేశం అని రాయమన్నాను. సినిమా వార్తల్లో రోజూ చూసే మాటే కదా. రాత్రి దశరూపకం అనే సంస్కృత నాటకశాస్త్ర గ్రంథం తిరగేస్తుంటే అనుమానం పట్టుకుంది.

దాన్ని రాసిన పదో శతాబ్దం నాటి ధనంజయుడు నాటక కథకు ఐదు అర్థప్రకృతులు, అంటే కథను ఫలితం దాకా నడిపే అంశాలు, చెప్పాడు: బీజం, బిందువు, పతాక, ప్రకరి, కార్యం. అసలు కథకు తోడుగా చాలా దూరం నడిచే ఉపకథ పతాక. కాసేపు కనిపించి తప్పుకునేది ప్రకరి. పతాకకు వ్యాఖ్యాత ధనికుడు చూపించింది సుగ్రీవుడి వృత్తాంతాన్ని. జెండాలాగా నాయకుడికి గుర్తుగా, సాయంగా ఉంటుందని ఆ పేరట. అంటే శాస్త్రం లెక్కన రామాయణంలో పతాక సుగ్రీవుడి కథ, పేపరు లెక్కన రావణవధ! పిల్లచేత ఏం రాయించమంటారు?

జవాబు: పతాక సన్నివేశాన్ని తప్పనకండి సార్. పతాక శీర్షిక అంటాం, పతాక స్థాయి అంటాం. కర్ర కొసన ఎగిరే జెండా ఎత్తే ఇక్కడ మనసులో మెదిలేది. వాడుకలో పాతుకుపోయిన మాట, ఉండనివ్వండి.

జవాబు: మాట సంగతి సరే, చోటు సంగతి కూడా చూడండి. కథ దశలు చూపడానికి పాఠాల్లో గీసే త్రికోణం 1863లో జర్మన్ రచయిత ఫ్రైటాగ్ చెప్పిన ఐదు దశల నాటక నిర్మాణం. అందులో శిఖరం మూడోది, సరిగ్గా నడిమధ్యన. మనకు క్లైమాక్స్ అంటే ఆఖరి ఫైటు. పిల్లలు తికమకపడేది ఇక్కడే. మన నాటకశాస్త్రం కథను విడగొట్టే ఐదు భాగాల్లో, అంటే పంచసంధుల్లో, నడిమిది గర్భసంధి. వీటన్నిటికీ ఉదాహరణగా ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం అనే తన అలంకారశాస్త్ర గ్రంథం లోపలే ఒక నాటకం రాసిపెట్టాడు.

గర్భసంధి గుర్తు చేశారు, సంతోషం అండీ. కనబడి మాయమైన బీజాన్ని, అంటే కథకు మూలమైన విషయాన్ని, మళ్లీ మళ్లీ వెతకడం అని దాని లక్షణం. చదవగానే నాకు సుందరకాండ కళ్ల ముందుకొచ్చింది. రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి హనుమంతుడు సీతే అనుకుంటాడు. ఆనందం పట్టలేక తోక ముద్దు పెట్టుకుంటాడు, స్తంభాలెక్కి కిందికి దూకుతాడు. మరుక్షణమే, రాముడికి దూరమైన సీత ఇలా నిద్రపోతుందా అని తేరుకుంటాడు. దొరికిందనుకున్నది చేజారింది, మళ్లీ వెతుకులాట, నిరాశ, ఆ తర్వాత అశోకవనం. ఇదే గర్భసంధి అని శాస్త్రకారులు అన్నారని కాదు, నాకు అర్థమైన తీరు ఇది. కథకు నడుము అంటే ఏమిటో పిల్లకు ఈ ఒక్క ఘట్టంతో చెప్పగలిగాను. "పైకి వెళ్లే దశ" అని గీత గీసి చూపిస్తే ఈ గుండెదడ తెలియదు.

చివరికి క్లైమాక్స్ దగ్గర పతాక సన్నివేశం అనే రాసుకుంది. పక్కనే "పాత పుస్తకాల్లో పతాక అంటే ఉపకథ" అని చేర్చింది.

ఇప్పుడు నాలుగో సంధి దగ్గర ఆగాం. దాని పేరు విమర్శ. విమర్శ అంటే తప్పులెంచడమే దానికి తెలుసు. కోపం వల్లో ఆపద వల్లో ఆశ వల్లో కథ ఆలోచనలో పడే చోటు అని చెప్పాను. ఒక్క తెలుగు మాట కావాలంటోంది. "తర్జనభర్జన" సరిపోతుందంటారా?