కాంటన్ వారి నిదానపు సూపు చేదెక్కింది: పొరపాటు ఎక్కడ?

ప్రశ్న (తిరుపతి):
మా అమ్మాయి రెండేళ్లు చైనాలోని గ్వాంగ్‌జౌలో (పాత పేరు కాంటన్) ఉద్యోగం చేసి వచ్చింది. అక్కడి ఇళ్లలో గంటల తరబడి సన్నసెగ మీద కాచే 'లౌ ఫో తోంగ్' అనే సూపు కోసం ఆమె మనసు పీకుతోందని, నాటుకోడి ఎముకలు, తామర దుంప, వేరుశనగ గింజలు, ఇంట్లో ఎండబెట్టిన కమలా తొక్క కుక్కరులో వేసి ఆరు విజిళ్లు రానిచ్చాను. దుంప ముక్కలను ముందుగా ఇనుప బాణలిలో కాస్త వేయించాను. చివరకు సూపు పాలలా తెల్లబడింది, ముక్కలు నల్లబడ్డాయి, గొంతులో చేదు నిలిచిపోయింది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (చిత్తూరు):
అమ్మా, చేదు కమలా తొక్కదే. అక్కడివారు మెచ్చేది సిన్‌హుయ్ ప్రాంతంలో కనీసం 3 ఏళ్లు నిల్వ ఉంచిన తొక్క. దానినైనా నీటిలో నానబెట్టి, మెత్తబడ్డాక లోపలి తెల్లని పొరను చెంచా అంచుతో గీకి తీసేసిన తరువాతే కుండలో వేస్తారు. మీ ఇంటి తొక్కయితే గీకిన తరువాత కూడా బొటనవేలి గోరంత ముక్క చాలు.

ఎముకలను చల్లని నీటిలో వేసి మరిగించి, పైకి తేలే బూడిదరంగు మురికి నురుగుతో సహా ఆ నీటిని పారబోసి, ఎముకలు కడిగి, అర కిలోకు సుమారు 3 లీటర్ల కొత్త నీరు పోయండి. ఒకసారి తెర్లగానే సెగ తగ్గించి, అక్కడొకటి ఇక్కడొకటి బుడగ లేచే మంట మీద 2 నుండి 3 గంటలు వదిలేయాలి. గలగలా తెర్లితే కొవ్వు చితికి నీటిలో కలిసిపోయి తెల్లబడుతుంది. విజిల్ వచ్చిన ప్రతిసారీ కుక్కరులో జరిగేది అదే. (చేపల సూపులో మాత్రం ఆ తెలుపునే వారు కోరుకుంటారు.) మధ్యలో నీరు పోయకండి, ఉప్పు దించే ముందే వేయండి. దుంపలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడింది కనుక బాణలి అవసరమే లేదు.

జవాబు (పలమనేరు):
మా ఊరి మట్టికుండ దొరికితే అందులో కాచి చూడండి. వేడిని నిలిపి ఉంచుతుంది, మంట తగ్గించినా సెగ ఒక్కసారిగా పడిపోదు. కొత్త కుండను ముందురోజు నీటిలో నానబెట్టడం మరవకండి.

మనం వడియాలు పెట్టే బూడిద గుమ్మడికాయే వారి ఎండాకాలపు సూపుకు ప్రధానమైన కూర. మనం పారేసే తొక్కను వారు ఉంచుతారు, చలువంతా అందులోనే ఉందని వారి నమ్మకం. సూపులో వేసే ఎర్ర రేగుపండ్ల గింజ తీసేది కూడా అది వేడి చేస్తుందనే. ఈ లెక్క మన అమ్మమ్మలకు కొత్తగా చెప్పనవసరం లేదు. మఖానాను చాలామంది తామర గింజ అనుకుంటారు, కానీ అది వేరే మొక్క. ఆ గింజనే వారు పేలాలు చేయకుండా పచ్చిగా ఎండబెట్టి సూపులో వేస్తారు.

జవాబు (తిరుపతి, మరొకరు):
ఇంట్లో ఎవరికైనా యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటే వైద్యుని అడగనిదే రోజూ ఇవ్వకండి. ఇంతసేపు కాచినప్పుడు మాంసంలోని ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే పదార్థాలు) నీటిలోకి దిగుతాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం కుండలోనే కాస్తాను. సూపు వడకట్టాక మిగిలిన ముక్కలను వారు పారేస్తారా?

జవాబు (చిత్తూరు):
లేదమ్మా. వాటిని వేరే పళ్లెంలో పెట్టి, సోయా సాస్‌లో అద్దుకుని అన్నంతో తింటారు.