టీఎస్‌హెచ్ 6.8 వస్తే జీవితాంతం గోలీ వేసుకోవాల్సిందేనా?

కూకట్‌పల్లి అమ్మ

నాకు 38 ఏళ్లు. పోయిన నెల ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో టీఎస్‌హెచ్ 6.8 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. ఫ్రీ టీ4 మాత్రం నార్మల్. ఇంటి దగ్గరి డాక్టర్ గారు రిపోర్టు చూసి, "థైరాయిడ్ వచ్చిందమ్మా, రోజూ పరగడుపున 25 వేసుకో, ఆపొద్దు" అన్నారు. ఏడాదిగా ఒకటే అలసట, దువ్వెన నిండా జుట్టు. మా అత్తమ్మ పన్నెండేళ్లుగా ఈ గోలీ వేసుకుంటున్నారు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇది పెద్ద విషయంలా లేదు. మా తమ్ముడు మాత్రం, "థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ టీ4 ఒంట్లో సరిపడా ఉన్నప్పుడు, పైనుంచి గోలీలో మళ్లీ అదే టీ4 ఎందుకు మింగడం?" అంటున్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

మలక్‌పేట అక్క

చెల్లీ, వేసుకో. నాకు మొదటిసారి 8 వచ్చినప్పుడు ఒక క్లినిక్‌లో "టెన్షన్ తగ్గించుకోండి, అంతే" అని పంపేశారు. ఏడాది తర్వాత 24. ఆ ఏడాదంతా నేను మెట్లెక్కలేక, పిల్లల మీద అరిచి, రాత్రి ఏడ్చి పడుకున్నాను. గోలీ మొదలుపెట్టిన రెండు నెలలకి మళ్లీ మనిషినయ్యాను. మన అలసటని అంకెతో కొట్టిపారేసేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

తార్నాక బయాలజీ టీచర్

మలక్‌పేట అక్క పడ్డ బాధ నిజం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ తమ్ముడు అడిగిన ప్రశ్నకి ముందు జవాబు చెప్పాలి. ఆ జవాబు తెలియకుండానే మన ఊళ్లో ఎంతోమంది గోలీ మొదలుపెడుతున్నారు.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ కాదు. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి థైరాయిడ్‌కి పంపే ఆదేశం. మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సంపులో నీళ్లు చూసి ట్యాంకర్‌కి ఫోన్ చేస్తాడు కదా, ఆ ఫోన్ లాంటిది. 6.8 అంటే ఫోన్లు ఎక్కువయ్యాయని అర్థం. ఫ్రీ టీ4 నార్మల్ అంటే సంపులో నీళ్లు ఇంకా ఉన్నాయి. ఈ వాచ్‌మన్ మహా జాగ్రత్తపరుడు. టీ4 కాస్త తగ్గితే చాలు, టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక నీళ్లు కుళాయికి చేరడం వేరే కథ. రక్తంలో ఉన్న టీ4లో 99 శాతానికి పైగా ప్రోటీన్లకి అంటుకుని తిరుగుతుంది. విడిగా ఉన్న ఆ కాస్త, అంటే ఫ్రీ టీ4, మాత్రమే కణాల్లోకి వెళ్తుంది. అక్కడ ఒక ఎంజైమ్ టీ4 నుంచి ఒక అయోడిన్ పరమాణువు తీసేసి టీ3గా మారుస్తుంది. అసలు పని టీ3 చేతుల్లోనే ఉంది. కణ కేంద్రకంలో డీఎన్ఏ మీద కూర్చుని హార్మోన్‌ని అందుకునే ప్రోటీన్ ఒకటి ఉంటుంది, దాన్ని రిసెప్టర్ అంటారు; టీ3 దాన్ని పట్టుకుంటుంది. టీ4తో పోలిస్తే టీ3 ఆ రిసెప్టర్‌ని సుమారు పది రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు కొన్ని జన్యువులు ఎక్కువగా, కొన్ని తక్కువగా పనిచేస్తాయి, కొత్త ప్రోటీన్లు తయారవుతాయి. అడ్రినలిన్ కణం బయటి పొర మీది రిసెప్టర్‌ని తాకితే క్షణాల్లో గుండె దడదడలాడుతుంది. ఇది అలా కాదు, రోజులు వారాలు పడుతుంది. పైగా టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టెస్టు చేయమనేది ఇందుకే.

కాబట్టి టీఎస్‌హెచ్ చెప్పేది పీయూష గ్రంథికి ఏమనిపిస్తోందో అది. మీ కండరాల్లో, జుట్టు కుదుళ్లలో ఏం జరుగుతోందో అది నేరుగా చెప్పదు.

ఎల్బీనగర్ తమ్ముడు

సార్, అయితే నా డౌట్ ఇదే. రక్తంలో టీ4 సరిపడా ఉన్నా రిసెప్టర్లు సరిగ్గా అందుకోకపోతే? వీడియోల్లో "మీ రిసెప్టర్లు మొద్దుబారాయి, అందుకే అలసట" అని చెప్తున్నారు.

తార్నాక బయాలజీ టీచర్

అలాంటి జబ్బు నిజంగా ఉంది. 1967లో రెఫెటాఫ్ బృందం ఒక కుటుంబంలో దాన్ని వర్ణించింది. 1986లో ఆ రిసెప్టర్ ఏదో తేలాక, బీటా రకం రిసెప్టర్ జన్యువులో మార్పు వల్ల వస్తుందని తెలిసింది. కానీ అది చాలా అరుదు, రిపోర్టు కూడా వేరేలా ఉంటుంది. పీయూష గ్రంథిలో బీటా రకం, గుండెలో ఎక్కువగా ఆల్ఫా రకం ఉంటాయి. బీటా చెడితే పీయూష గ్రంథికి హార్మోన్ వినపడదు, ఇంకా ఇంకా అడుగుతుంది. టీ4, టీ3 పైకి వెళ్తాయి, టీఎస్‌హెచ్ మాత్రం తగ్గదు. గుండెకి బాగానే వినపడుతుంది కాబట్టి దడ వస్తుంది. ఈ అమ్మ రిపోర్టులో టీ4 పెరగలేదు. అందుకే ఆ వీడియోల మాట ఇక్కడ పనికిరాదు.

దిల్‌సుఖ్‌నగర్ ల్యాబ్ టెక్నీషియన్

నేను రోజూ ఈ శాంపిల్స్ చూసేవాణ్ని, చిన్న మాట. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. జబ్బు నుంచి కోలుకునేటప్పుడు కొన్నాళ్లు పెరుగుతుంది. ఒక్క శాంపిల్‌తో తీర్పు వద్దు. అమ్మా, జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ గోలీ వేసుకుంటున్నారా? కొన్ని మెషీన్లలో అది టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. మళ్లీ టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి.

తార్నాక బయాలజీ టీచర్

గోలీతో అలసట తగ్గుతుందా అనేది పరీక్షించి చూశారు కూడా. 2017లో వచ్చిన ట్రస్ట్ అనే అధ్యయనంలో 65 దాటిన 737 మంది ఉన్నారు, సగటు టీఎస్‌హెచ్ 6.4. ఏడాదికి గోలీ వేసుకున్నవాళ్లలో 3.63కి దిగింది, ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లలో 5.48. అంకె దిగింది కానీ అలసటలో తేడా లేదు. ఏమీ వేయకపోయినా కొంత దిగిందని గమనించండి. డోసు ఎక్కువైతే గుండె లయ తప్పే, నెలసరి ఆగినవాళ్లకి ఎముకలు పలచబడే ప్రమాదం ఉంది.

మలక్‌పేట అక్క

సార్, వాళ్లంతా 65 దాటినవాళ్లు. ఈ చెల్లికి 38. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణులు ఇలాంటివాళ్లకి గోలీ వద్దన్నారు, నిజమే. కానీ టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్లకి, గర్భం కోసం చూస్తున్నవాళ్లకి, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లకి ఆ మాట వర్తించదని వాళ్లే రాశారు. యూరోపియన్ థైరాయిడ్ అసోసియేషన్ 2013లో, వయసు తక్కువై లక్షణాలుంటే టీఎస్‌హెచ్ 10 లోపైనా గోలీ ఇచ్చి చూడొచ్చంది. డాక్టర్లలోనే రెండు మాటలున్నప్పుడు మీరు ఒక్కటే ఎందుకు చెప్తున్నారు? ఒంట్లో ఓపిక లేని మనిషికి "ఆగు" అనడం తేలిక.

తార్నాక బయాలజీ టీచర్

మీరు చెప్పింది ఒప్పుకుంటాను, 65 దాటినవాళ్ల ఫలితాన్ని 38 ఏళ్ల మనిషికి అలాగే అంటించకూడదు. కానీ మీరు చెప్పిన సలహాలోనే రెండో సగం ఉంది. టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చాక మూడు నాలుగు నెలలు చూసి, ఒంట్లో తేడా లేకపోతే ఆపేయొచ్చంటారు వాళ్లు. మొదటి రోజే "ఆపొద్దు" అనడంతోనే నా గొడవ. అమ్మా, మిగతా రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంత? అలసట, జుట్టు రాలడం రెండూ రక్తహీనతలోనూ ఉంటాయి.

కూకట్‌పల్లి అమ్మ

ఇప్పుడే తీసి చూశాను. 9.4. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు, నేనూ చూడలేదు. బయోటిన్ కూడా వేసుకుంటున్నాను. ఇంకో పాప కోసం అనుకోవడం లేదు.

తార్నాక బయాలజీ టీచర్

9.4 తక్కువ. డాక్టర్ గారిని అడిగి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ టెస్టు చేయించండి. థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే ఎంజైమ్‌కి కూడా ఐరన్ కావాలి కాబట్టి ఈ రెండూ పూర్తిగా వేరు కాకపోవచ్చు. ఒకవేళ ఐరన్, థైరాయిడ్ గోలీ రెండూ వేసుకోవాల్సి వస్తే మధ్యలో నాలుగు గంటలు ఉండాలి, కలిపి వేసుకుంటే థైరాయిడ్ గోలీ ఒంటికి సరిగా పట్టదు.

కూకట్‌పల్లి అమ్మ

ముందు రక్తం సంగతి చూసుకుంటాను. థైరాయిడ్ టెస్టు రెండు నెలల తర్వాత, పొద్దున ఎనిమిదింటికే, బయోటిన్ ఆపి. ఇదంతా రాసుకుని ఈసారి వేరే డాక్టర్ గారి దగ్గరికి వెళ్తాను. అప్పటికీ ఎక్కువే ఉండి, ఒంట్లో ఇలాగే ఉంటే మలక్‌పేట అక్క చెప్పినట్టు గోలీ అడుగుతాను.

మలక్‌పేట అక్క

సరే చెల్లీ. యాంటీ టీపీఓ టెస్టు కూడా రాయించుకో. అది పాజిటివ్ అయితే మన ఒళ్లే థైరాయిడ్ మీద దాడి చేస్తోందని అర్థం, ముందుముందు టీఎస్‌హెచ్ పెరిగే అవకాశం ఎక్కువ. నాకు మొదట్లో అది చేయలేదు. చేసి ఉంటే ఆ ఏడాది నన్ను అలా వదిలేసేవాళ్లు కాదు.