ఇంట్లోనే డయాలసిస్, నర్సు కూడా వస్తుందంటున్నారు: ఒప్పుకోవచ్చా?

ఉద్దానం_కోడలు
మా అత్తగారికి 61 ఏళ్ళు. జీడితోటల్లో పనిచేసిన మనిషి. మా ఊళ్ళో చాలామందికి అయినట్టే ఆమెకీ షుగర్ లేకుండానే కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు ఆటోలో సోంపేట తీసుకెళ్తాను. నాలుగు గంటలు మెషీన్ మీద ఉండాలి. తర్వాత వాంతులు, పిక్కలు పట్టేయడం, మర్నాడంతా మంచమే. విశాఖలో ఉండే మా బావగారు అమ్మని అక్కడికి పంపమంటున్నారు. ఒక కంపెనీ వాళ్ళు మెషీన్ తెచ్చి, నర్సుని పెట్టి ఇంట్లోనే చేస్తారట. డాక్టరు గారేమో పొట్టలో ట్యూబు వేసి చేసే పీడీ గురించి ఆలోచించమన్నారు, అదైతే ఊళ్ళోనే ఉండొచ్చన్నారు. అత్తగారు ఊరు వదలనంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఇల్లు మేలా, సెంటరే మేలా?

ఆర్‌ఓ_టెక్నీషియన్
ఇంట్లో హీమో, అంటే రక్తం తీసి శుద్ధి చేసే పద్ధతి, వద్దమ్మా. సెంటర్లో పనిచేస్తూ చెప్తున్న మాట ఇది. మెషీన్ నిమిషానికి 250 నుంచి 300 మిల్లీలీటర్ల రక్తాన్ని తిప్పుతుంది. పేషెంటు నిద్రలో చెయ్యి కదిపినప్పుడు రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్ళే సూది ఊడిందనుకోండి, రెండు నిమిషాల్లో అర లీటరు పోతుంది. అలారం ప్రతిసారీ మోగుతుందన్న నమ్మకం లేదు. అందుకే సూదులున్న చెయ్యి దుప్పటి కింద పెట్టుకోవద్దని అందరికీ పదేపదే చెప్తుంటాం. సెంటర్లో అయితే పక్క బెడ్ దగ్గర ఇంకొకరుంటారు, ఆక్సిజన్ ఉంటుంది, పిలిస్తే డాక్టరు వస్తారు. ఇంట్లో ఒక్క నర్సు. బీపీ ఒక్కసారిగా పడిపోతే ఆవిడ సెలైన్ ఎక్కిస్తుందా, ఫోన్ చేస్తుందా?

ఇక నీళ్ళు. ఒక్క సెషన్‌కి 120 లీటర్ల దాకా డయాలసిస్ ద్రవం కావాలి. అది మామూలు తాగే నీళ్ళ ఆర్‌ఓతో అయ్యేది కాదు. క్లోరిన్, బ్యాక్టీరియా పరీక్షలు చివరిసారి ఎప్పుడు చేశారో ఆ కంపెనీని రిపోర్టు అడగండి. చూపించడానికి నసిగితే అక్కడితో ఆపేయండి.

మద్దిలపాలెం_వాసి
భయపెట్టడం తేలిక. మా నాన్నగారికి ఇంట్లో నర్సుతో హీమో చేయిస్తున్నాం. అంతకుముందు ఒక సెంటర్‌కి వెళ్ళేవాళ్ళం. అక్కడ ఉండగానే హెపటైటిస్ సి వచ్చింది. ఎలా వచ్చిందో నిరూపించలేం, కానీ ఇంట్లో ఆ మెషీన్ ఆయనొక్కరిదే. ముఖ్యంగా తర్వాతి షిఫ్టు వాళ్ళు బయట కూర్చుని ఎదురుచూడరు. అందుకని డాక్టరు రాసిచ్చినట్టు ఒంట్లో నీరు నెమ్మదిగా తీస్తారు. బీపీ పడిపోవడం బాగా తగ్గింది. అయిపోగానే అన్నం తిని పడుకుంటారు. ఆ ప్రయాణం తప్పడమే సగం వైద్యం అండీ. డబ్బు సంగతి మాత్రం దాచను, మాకు అంతా చేతి డబ్బే అవుతోంది.

ఆర్‌ఓ_టెక్నీషియన్
నెమ్మదిగా తీయమని సెంటర్లోనూ అడగొచ్చు సార్. అసలు రెండు సెషన్ల మధ్య పేషెంటు మూడు నాలుగు కిలోలు పెరిగి వస్తే ఏ మెషీనైనా కష్టమే. ఉప్పు, నీళ్ళు తగ్గించుకోవాలి. పైగా మీరు విశాఖ మద్దిలపాలెంలో ఉన్నారు, పెద్దాసుపత్రి పక్కనే. ఆవిడ అడుగుతున్నది ఉద్దానం ఇంటి గురించి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అక్కడ ఎన్ని రోజులు కరెంటు లేదో గుర్తుందా? మెషీన్ బ్యాటరీ రక్తాన్ని ఒంట్లోకి తిరిగి పంపడానికి సరిపోతుంది, అంతే.

పీడీ_మాస్టారు
తిత్లీ మాట వచ్చింది కాబట్టి నేనూ మాట్లాడతాను. నేను రిటైరైన టీచర్ని, మాది బొబ్బిలి వైపు. పీడీ మీద ఉన్నాను. దీనికి కరెంటు అక్కర్లేదు. రెండు లీటర్ల బ్యాగు స్టాండుకి తగిలిస్తే ద్రవం పొట్టలోకి దిగుతుంది. నాలుగైదు గంటలు అక్కడుండి రక్తంలోని మలినాల్ని లాక్కుంటుంది. దాన్ని కింద పెట్టిన ఖాళీ బ్యాగులోకి వదిలి, కొత్తది ఎక్కించుకుంటాను. రోజుకి మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ అరగంట పైన పడుతుంది. సూదుల్లేవు, రక్తం బయటికి రాదు. మలినాలు రోజూ పోతుంటాయి కాబట్టి తిండిలో కట్టుబాట్లు కొంచెం సడలాయి. హీమోలో ఉన్నప్పుడు కొబ్బరి నీళ్ళ పేరెత్తితే డాక్టరు కోప్పడేవారు. ఇప్పుడు కూడా అడిగే తాగుతాను, కానీ అడగ్గలుగుతున్నాను.

హాంకాంగ్‌లో 1985 నుంచి ముందు పీడీతోనే మొదలుపెట్టే విధానం ఉంది. మన దగ్గర 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం వస్తే అది హీమోకే పరిమితమైంది. పీడీకి మార్గదర్శకాలు 2019లో గాని రాలేదు. పల్లెల్లో ఉన్నవాళ్ళకి పనికొచ్చేదాన్ని మూలన పెట్టి, వాళ్ళనే ఆటోల్లో తిప్పుతున్నాం. నాకు దీని మీద చాలా కోపం ఉంది.

సిస్టర్_విజయనగరం
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ మీ బ్యాగు మీరే మార్చుకుంటారు. నేను పీడీ నర్సుని, ట్రైనింగు ఇచ్చేది మేమే. ఇళ్ళకి వెళ్ళి నేను చూసేది వేరు. "నర్సు సపోర్టు ఉంటుంది" అని ఆసుపత్రిలో చెప్తారు. ఆ సపోర్టు అంటే మొదట వారం పది రోజులు నేర్పడం, ఆ తర్వాత ఫోను, ఎప్పుడో ఒకసారి ఇంటికి రావడం. పొద్దున ఆరుకి, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పదికి బ్యాగు మార్చే మనిషి ఎవరు? నేను వెళ్ళిన ఇళ్ళలో ఎక్కువగా కోడలో కూతురో. ఆమె పుట్టింటికి వెళ్ళాలన్నా, కూలికి వెళ్ళాలన్నా, జ్వరం వచ్చి పడుకున్నా ఆ నాలుగు పూటలూ ఆగవు. ఇక్కడ ఇంతమంది ఇంతసేపు మాట్లాడారు. ప్రశ్న అడిగిన అమ్మాయి గురించి ఒక్కరూ అడగలేదు.

ఫ్రాన్స్‌లో వృద్ధుల ఇళ్ళకి నర్సులు వచ్చి బ్యాగులు మారుస్తారు, ఆ ఖర్చు బీమా భరిస్తుంది. దాన్ని నేను నర్సు సపోర్టు అంటాను. మన దగ్గర ఉద్దానం కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ కట్టారు, 2023 డిసెంబరులో మొదలైంది. మంచిదే. అక్కడి నుంచి పీడీ నర్సులు ఊళ్ళు తిరిగేలా చేస్తే, ఒక్కొక్కరికి కొన్ని ఇళ్ళు అప్పగిస్తే, అప్పుడు "ఇంట్లోనే చేసుకోండి" అనే హక్కు మనకి ఉంటుంది.

మద్దిలపాలెం_వాసి
సిస్టర్, ఇది ఒప్పుకుంటాను. మా ఇంట్లో నర్సు నాలుగైదు గంటలుండి వెళ్ళిపోతుంది. తర్వాత సూదులు గుచ్చిన చోట రక్తం ఆగిందా, బీపీ ఎంత, అన్నీ చూసేది మా ఆవిడే. నా పోస్టులో ఆ ముక్క రాయాల్సింది.

ఉద్దానం_కోడలు
సిస్టర్, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. నేను మిషను కుడతాను. ఆసుపత్రి రోజుల్లో ఆ పని పోతోంది. బ్యాగులైతే ఇంట్లో ఉంటాను కదా అనుకున్నాను గాని రోజంతా కట్టేసినట్టే అవుతుందని ఆలోచించలేదు. అయినా విశాఖకి పంపితే ఆ భారం మా తోటికోడలి మీద పడుతుంది, అదీ న్యాయం కాదు. అత్తగారికి చదువు రాదు, చూపు మాత్రం బాగానే ఉంది. ఆమెకే నేర్పొచ్చా?

పీడీ_మాస్టారు
తప్పకుండా నేర్పొచ్చమ్మా. దీనికి చదువు కాదు, చేతి శుభ్రత కావాలి. ఫ్యాను ఆపాలి, తలుపులు వేయాలి, మాస్కు కట్టాలి, చేతులు బాగా కడగాలి. ఈ క్రమం ఒక్కసారి కూడా తప్పకూడదు. జీడిపిక్కలు ఒలిచిన చేతులు ఇది నేర్చుకోలేవా?

సిస్టర్_విజయనగరం
నేర్చుకుంటారు. ఆమెతోనే చేయించి చూపించమని ట్రైనింగు మొదటి రోజే అడుగు. నువ్వు పక్కన ఉండి చూడు చాలు. బయటికి వచ్చిన ద్రవం మబ్బుగా ఉన్నా, కడుపునొప్పి, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ బ్యాగు పారేయకుండా పట్టుకుని ఆసుపత్రికి రండి. కడుపులో ఇన్ఫెక్షన్ తొందరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో ఎక్కువగా నయమవుతుంది. ఈ ద్రవంతో పాటు ప్రోటీన్ కూడా పోతుంది కాబట్టి గుడ్లు, చేపలు ఎంత పెట్టాలో డైటీషియన్ని అడుగు. నెలకి వంద, నూట ఇరవై బ్యాగుల దాకా వస్తాయి, అవి తడవకుండా పెట్టే చోటు చూసుకోండి.

ఆర్‌ఓ_టెక్నీషియన్
ఆమెకి ఈ పద్ధతి అయితే నేను కాదనను. ట్యూబు వేయించే ముందు రెండు పనులు చేయండి. ఇప్పుడు నెలనెలా వస్తున్న 10,000 రూపాయల పింఛను, ఉచిత వైద్యం పీడీకి మారినా కొనసాగుతాయో లేదో, బ్యాగుల ఖర్చు ఎవరిదో ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రతో ముందే మాట్లాడండి. రెండోది, చేతికున్న ఫిస్టులాని, అంటే హీమో సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాన్ని, అలాగే కాపాడుకోండి. పీడీ కుదరకపోతే మళ్ళీ అదే కావాలి. ఎవరు అడిగినా ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి.