1970 షెవెల్ ఎల్ఎస్6 ఎక్కువా, హెమీ 'కూడా' ఎక్కువా?

డాలస్_కుర్రాడు: నిన్న కార్ షోలో 1970 షెవెల్ ఎస్ఎస్ 454 ఎల్ఎస్6 (షెవర్లే కారు, ఎల్ఎస్6 దాని ఇంజిన్ పేరు), అదే ఏడాది ప్లిమత్ హెమీ 'కూడా' (బారకూడా కారు, హెమీ దాని ఇంజిన్ పేరు) పక్కపక్కనే పెట్టారు. ఇంటికొచ్చేదాకా మా ఫ్రెండ్‌తో గొడవే. పరుగులో ఏది, దాచుకోడానికి ఏది? కొనే స్తోమత లేదు, ఊరికే అడుగుతున్నా.

మిషిగన్_బాబాయ్: అడగడానికేముంది ఇందులో. షెవెల్ 450 హార్స్‌పవర్, హెమీ 425. కంపెనీ వాళ్లు రాసినవే. పైగా హెమీకి రెండు కార్బురేటర్లు, వాటిని కుదర్చలేక ఆదివారాలన్నీ పోతాయి. షెవెల్‌కి హోలీ కంపెనీ కార్బురేటర్ ఒక్కటి చాలు.

మోపార్_మూర్తి: బాబాయ్ గారూ, అప్పట్లో అంతా గ్రాస్ లెక్క. ఇంజిన్ని విడిగా స్టాండ్ మీద పెట్టి, కారులో ఉండే సరంజామా చాలావరకు తీసేసి కొలిచేవాళ్లు. 1972లో ఆ సరంజామా అంతా ఉంచి కొలిచే నెట్ లెక్కకి మారగానే అందరి అంకెలూ దిగిపోయాయి. హెమీకైతే 1966లో 425 రాశారు, 1971 దాకా అదే 425, మధ్యలో 1970లో లిఫ్టర్లు (వాల్వులు ఎత్తే భాగాలు) హైడ్రాలిక్‌కి మార్చినా సరే. ఆ కాగితాన్ని ఎంత నమ్మాలో మీరే చూడండి.

రవ్వలడ్డు: 'హెమీ కూడా' అని చదివినప్పుడల్లా మొదటి కారు పేరు రాయడం మర్చిపోయారేమో అనిపిస్తోంది.

మిషిగన్_బాబాయ్: 450 అంటే 450. పాతిక ఎక్కువే.

మోపార్_మూర్తి: ఆ పాతిక పట్టుకుని వేలాడకండి. 1970లో హెమీ కూడాలు హార్డ్‌టాప్ 652, కన్వర్టిబుల్ 14, అంతే. 1971 కన్వర్టిబుల్ ఒకటి 2014లో మీకమ్ వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. ఎల్ఎస్6లు నాలుగు వేల పైమాటే. ఇంకోటి, 1970 'కూడా' విన్ నంబర్లో (కారు గుర్తింపు నంబరు) ఐదో అక్షరం 'ఆర్' ఉంటే ఫ్యాక్టరీలో హెమీ పెట్టినట్టే. షెవెల్ విన్ వి8 అని చెబుతుంది గానీ ఏ వి8 అన్నది చెప్పదు. పెట్రోల్ ట్యాంకు మీద బిల్డ్ షీట్ (కారులో ఏమేం పెట్టాలో ఫ్యాక్టరీ రాసుకున్న కాగితం) దొరికితే అదృష్టం. లేదంటే మామూలు షెవెల్ మాలిబులో 454 ఇంజిన్ దించి, ఎస్ఎస్ బ్యాడ్జీలు కొట్టి అమ్మేస్తారు.

మిషిగన్_బాబాయ్: తిప్పి తిప్పి నన్నే అంటున్నావు కదూ. అవును, నాది మాలిబునే. కొన్న ఏడేళ్లకి తెలిసింది. ఇంజిన్ బ్లాకు మీద, కుడి సిలిండర్ హెడ్ ముందు 'సీఆర్‌వీ' (ఎల్ఎస్6 కోడ్) అని కొట్టిన చోట ఫ్యాక్టరీ సన్నగీతలుండాలి, నా దాంట్లో గ్రైండర్ పెట్టి అద్దంలా నున్నగా చేశారు. ఆ రాత్రి అన్నం తినలేదు. అయినా ప్రతి ఆదివారం మనవరాలిని ఎక్కించుకుని ఐస్‌క్రీముకి వెళ్తున్నా. నీ ప్లిమత్ రోడ్ రన్నర్ కారు ట్రైలర్ ఎక్కి వస్తుంది, ట్రైలర్ ఎక్కి పోతుంది. ఓడోమీటర్ ఎప్పుడైనా కదిలిందా?

4స్పీడ్_చిన్న: 🍿

మోపార్_మూర్తి: కదల్లేదు, కదలనివ్వను. మంచు మీద చల్లే ఉప్పులో తిప్పి తుప్పు పట్టించుకోమంటారా? మీరు తిప్పుకోండి, నాకేం బాధ లేదు. నా బాధల్లా ఒక్కటే, మిమ్మల్ని ముంచినవాడు కూడా దాన్ని ఎల్ఎస్6 అనే అమ్మాడు. మీరు అమ్మేటప్పుడు ఏమని రాస్తారు?

మిషిగన్_బాబాయ్: అమ్మను.

మోపార్_మూర్తి: మీరు అమ్మరు బాబాయ్. మీ తర్వాత మీ అబ్బాయి?

మిషిగన్_బాబాయ్: వాడికి ఇంకా చెప్పలేదు.

డాలస్_కుర్రాడు: షోలో ఆ షెవెల్ పక్కన బోర్డు మీద 'నంబర్స్ మ్యాచింగ్' (ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజినే ఉందని) అని ఉంది. బానెట్ ఎత్తి ఉన్నప్పుడు నాలుగు ఫొటోలు తీశా. కుడి హెడ్ ముందు భాగం పడిందేమో, ఉండండి చూస్తా.