47 కిలోల చాంపియన్లలో ఎవరు గొప్ప? ఓటమి ఎరుగని లోపెజా, ఓడి లేచిన చోకొలాటిటోనా?

గోదారిగట్టు:

నిన్న రాత్రి ఫ్రెండ్స్ దగ్గర ఆల్‌టైమ్ గొప్ప బాక్సర్ల లిస్టు మీద పెద్ద వాదన నడిచింది. నేను రికార్డో లోపెజ్ పేరు చెప్పగానే "అతనెవరు?" అన్నారు. వివరం చెప్పాక ఇంకా బాధ అనిపించింది. "నలభై ఏడు కిలోల వాళ్లలో గెలవడం ఏం గొప్ప? ఆ బరువులో అసలు ఎంతమంది ఉంటారు?" అని తీసిపారేశారు. నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. లోపెజ్‌ది మెక్సికో, ముద్దుపేరు ఫినిటో. 1990 అక్టోబరులో టోక్యో వెళ్లి, హిడెయుకి ఒహాషిని వాళ్ల సొంత గడ్డ మీదే అయిదో రౌండులో ఆపేసి 105 పౌండ్ల బరువులో డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) ప్రపంచ చాంపియన్ బెల్ట్ తెచ్చుకున్నాడు. 105 పౌండ్లంటే 47.6 కిలోలు. ఆ బెల్టును 21 సార్లు కాపాడుకున్నాడు. తర్వాత 108 పౌండ్లకి వెళ్లి అక్కడా చాంపియన్ అయ్యాడు. 2001 సెప్టెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చివరిసారి రింగ్ దిగేనాటికి 51 గెలుపులు, ఒక డ్రా. ఓటమి సున్నా. 51లో 38 నాకౌట్లు, చిన్న బరువుల వాళ్ల పంచ్‌లో బలం ఉండదనేవాళ్లు ఈ ఒక్క అంకె చూడాలి.

నాకు అంకెల కన్నా అతని కాళ్లంటే ఇష్టం. పంచ్ వేశాక ఎప్పుడూ బ్యాలెన్స్ తప్పడు. జాబ్, అంటే ముందు చేత్తో సూటి పంచ్, వేసి అర అడుగు పక్కకి జరిగేసరికి అవతలివాడు ఖాళీలో కొడుతుంటాడు, అప్పుడు కింద నుంచి అప్పర్‌కట్ వస్తుంది. బాక్సింగ్ నేర్చుకునే పిల్లలకు ఒక్కడినే చూపించమంటే నేను ఇతన్నే చూపిస్తాను. చిన్న బరువుల్లో నంబర్ వన్ లోపెజ్ అని నా మాట. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాతటేపులు:

నేను కాదంటాను. బరువు చిన్నదని మాత్రం కాదు, ఆ మాట అన్న మీ ఫ్రెండ్స్ పక్షాన నేను లేను.

లోపెజ్ 105లో రాజ్యం ఏలుతున్నప్పుడు ఒక్క మెట్టు పైన, 108లో, ఇద్దరు మహా బాక్సర్లు ఉన్నారు. ఒకరు అమెరికాలోని ఫీనిక్స్‌కి చెందిన మైకేల్ కార్బహాల్, 1988 సియోల్ ఒలింపిక్స్ రజత విజేత. రెండోవాడు మెక్సికోకి చెందిన ఉంబెర్టో గొంజాలెజ్, అందరూ చికీటా అంటారు. 1993 మార్చి 13న లాస్ వేగాస్‌లో ఇద్దరూ తలపడ్డారు. కార్బహాల్ రెండో రౌండులో పడ్డాడు, అయిదో రౌండులో మళ్లీ పడ్డాడు. ఏడో రౌండులో అతనే చికీటాని పడుకోబెట్టేశాడు. రింగ్ పత్రిక ఆ ఏడాది ఉత్తమ ఫైట్‌గా దాన్నే ఎంచింది. మరుసటి ఏడాది రెండో ఫైట్‌కి కార్బహాల్ పది లక్షల డాలర్లు తీసుకున్నాడు. అంత చిన్న బరువులో అంత డబ్బు అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ ఇద్దరికీ లోపెజ్‌కీ మధ్య తేడా మూడు పౌండ్లు, అంటే కిలోన్నర కూడా లేదు. ఇద్దరిలో ఒక్కరితోనూ అతను తలపడలేదు. చివరికి 108కి వచ్చింది 1999లో, అప్పటికి చికీటా రిటైరై నాలుగేళ్లు.

ఇప్పుడు నికరాగ్వా బాక్సర్ రోమన్ గొంజాలెజ్‌ని, అదే మన చోకొలాటిటోని చూడండి. 2008లో జపాన్‌లో యుటాకా నీడాని కొట్టి 105 బెల్ట్ గెలిచాడు. తర్వాత 108, 112. 2016లో కార్లోస్ క్వాడ్రాస్‌ని ఓడించి 115. నాలుగు బరువుల్లోనూ చాంపియన్. ఒడ్డూ పొడుగూ చూస్తే అతనికి 115 అసలు నప్పదు, ఎదుటివాళ్లు అతనికన్నా దిట్టంగా కనిపించేవారు. అయినా వెళ్లాడు. 46 గెలుపులతో ఓటమి లేకుండా వచ్చి 2017లో థాయ్ బాక్సర్ శ్రీసకేత్ చేతిలో రెండుసార్లు ఓడాడు, రెండోసారి నాలుగో రౌండులో నాకౌట్. అందరూ అతని పని అయిపోయిందన్నారు. 2020 ఫిబ్రవరిలో ఖాలిద్ యఫాయిని తొమ్మిదో రౌండులో పడగొట్టి మళ్లీ చాంపియన్ అయ్యాడు. నాకు ఇది 51-0-1 కన్నా పెద్దది.

సౌత్‌పా_విశాఖ:

పాతటేపులు గారూ, వాదన బాగుంది. కానీ ఒక ఫైట్ కుదరకపోతే ఆ భారం మొత్తం ఒకే బాక్సర్ మీద వేయడం న్యాయం కాదు. దాని వెనక ప్రమోటర్లు, టీవీ, డబ్బు అన్నీ ఉంటాయి. లోపెజ్ భయపడ్డాడని మీరు అనలేదు, చదివేవాళ్లు మాత్రం అలాగే అనుకుంటారు.

నిజంగా పరీక్ష ఎదురైనప్పుడు ఏం చేశాడో చూద్దాం. 1998 మార్చిలో నికరాగ్వా బాక్సర్ రొసెండో ఆల్వారెజ్ అతన్ని రెండో రౌండులో పడేశాడు. తలలు ఢీకొని కోత పడడంతో ఫైట్ మధ్యలో ఆపి డ్రా ఇచ్చారు. లోపెజ్ తప్పించుకోవాలనుకుంటే అక్కడితో వదిలేసి ఉండొచ్చు. అదే ఏడాది నవంబరులో మళ్లీ అదే మనిషితో దిగాడు. ఆల్వారెజ్ ఒప్పుకున్న బరువు తూగలేదు, అతనికన్నా బరువుగా వచ్చాడు. అయినా లోపెజ్ పన్నెండు రౌండ్లూ నిలబడి గెలిచాడు. రికార్డులో మచ్చ పడుతుందని భయపడేవాడు ఆ రాత్రి రింగ్ ఎక్కడు.

"ఆ బరువులో మనుషులెంతమంది" అన్న మాటకి వద్దాం, నాకు అసలు కోపం తెప్పించింది అదే. అమెరికాలో తక్కువమంది ఉంటారు, నిజమే. జపాన్, థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్, మెక్సికో వెళితే బాక్సింగ్ జిమ్‌లు నిండేది ఈ బరువుల వాళ్లతోనే. అక్కడ హెవీవెయిట్ దొరకడమే కష్టం. అమెరికా టీవీ చూపించినవాళ్లే గొప్ప అని మనం అలవాటు పడ్డాం. జపాన్ బాక్సర్ ఫైటింగ్ హరాడా పేరు మన దగ్గర ఎంతమందికి తెలుసు? బ్రెజిల్ దిగ్గజం ఎడర్ జోఫ్రేని జీవితం మొత్తంలో ఓడించింది ఆయన ఒక్కరే, 1965లో ఒకసారి, 1966లో ఇంకోసారి. 19 సార్లు బెల్ట్ కాపాడుకున్న థాయ్ బాక్సర్ ఖావోసాయ్ గెలాక్సీ సంగతీ ఇంతే.

ఇంకొకటి. లోపెజ్ చేతిలో ఓడిన ఆ ఒహాషి తర్వాత యోకోహామాలో జిమ్ పెట్టాడు. నవోయా ఇనోవే అక్కడి నుంచే వచ్చాడు. 2024 మేలో టోక్యో డోమ్‌ని నింపిన ఇనోవే మొదటి ప్రపంచ టైటిల్ గెలిచింది 108 పౌండ్లలో.

ఇందూరు_పంచ్:

నాది నిజామాబాద్. మీరు ప్రొఫెషనల్ గురించి మాట్లాడుతున్నారు, నేను అమెచ్యూర్ సంగతి కలుపుతాను, ఎందుకంటే చిన్నచూపు అక్కడి నుంచే మొదలవుతుంది.

స్కూల్ రోజుల్లో నేను 46 కిలోల్లో ఆడేవాణ్ణి. ఒక టోర్నమెంట్‌లో మా ఫైనల్ పొద్దున్నే పెట్టేశారు, కుర్చీలు కూడా అప్పటికి వేయలేదు. పెద్ద బరువుల ఫైనల్స్ సాయంత్రం, అతిథులు వచ్చాక. నేను గెలిచాను, చప్పట్లు కొట్టింది మా నాన్న, కోచ్ సార్ ఇద్దరే. ఇప్పటికీ గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది.

అమిత్ పంఘల్ 2018 ఆసియా క్రీడల్లో 49 కిలోల స్వర్ణం గెలిచినప్పుడు ఫైనల్లో ఓడించింది హసన్‌బాయ్ దుస్మతోవ్‌ని. అతను మామూలు మనిషి కాదు, రియో ఒలింపిక్స్ చాంపియన్. అంత గెలిచాక ఒలింపిక్స్‌లో పురుషుల 49 కిలోలే తీసేశారు. రియోలో మగవాళ్లకు పది బరువులుంటే పారిస్‌కి ఏడయ్యాయి. ఆడవాళ్లకు మూడు నుంచి ఆరు అయ్యాయి, అది నాకు నిజంగా సంతోషం, మా ఊరి నిఖత్ జరీన్ 50 కిలోల్లో ఆడింది అందులోనే. కానీ మగవాళ్లలో ముందు కోత పడింది అన్నిటికన్నా చిన్న బరువుకి. అమిత్ 52కి మారి, 2019లో ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం తెచ్చాడు. మన దేశం నుంచి అంతవరకు ఏ మగ బాక్సరూ ఫైనల్ దాకా వెళ్లలేదు. మూడు కిలోలు పైకి వెళ్లి నిలబడడం ఎంత కష్టమో ఆ బరువులో ఆడినవాళ్లకే తెలుస్తుంది. అందుకే నా ఓటు చోకొలాటిటోకి.

గోదారిగట్టు:

ఇందూరు తమ్ముడూ, నీ ఫైనల్ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

కార్బహాల్, చికీటా విషయంలో పాతటేపులు గారికి నా దగ్గర జవాబు లేదు. 108లో ఆ రెండు పేర్లు కూడా లోపెజ్ గెలుపుల్లో ఉండి ఉంటే ఈ చర్చే అక్కర్లేదు. కానీ టెక్నిక్ విషయంలో నేను వెనక్కి తగ్గను. చోకొలాటిటో దెబ్బలు తిని దెబ్బలు కొట్టాడు, లోపెజ్ తినకుండా కొట్టాడు. ఒక్కణ్ణి ఎంచుకోమంటే నాకు ఇప్పటికీ లోపెజే.

పాతటేపులు:

దెబ్బలు తిన్నాడు, ఒప్పుకుంటాను. కానీ 2021 మార్చిలో డాలస్‌లో హువాన్ ఫ్రాన్సిస్కో ఎస్ట్రాడాతో జరిగిన రెండో ఫైట్ మళ్లీ చూడండి. ఇద్దరూ కలిపి 2,529 పంచ్‌లు వేశారు. అప్పటికి చోకొలాటిటోకి 33 ఏళ్లు, ఆ బరువులో అది ముసలితనమే. పన్నెండో రౌండులో కూడా ముందుకే నడిచాడు, మోచేతులు దగ్గర పెట్టుకుని, తల పక్కకి జరుపుతూ, పొట్ట మీదా దవడ మీదా మార్చి మార్చి కొడుతూ. అది టెక్నిక్ కాదంటే నేను ఒప్పుకోను.

రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది మార్కుల లెక్కన ఒక జడ్జి 115-113 చోకొలాటిటోకి ఇచ్చారు, ఇంకొకరు 115-113 ఎస్ట్రాడాకి. మూడో జడ్జి 117-111 ఎస్ట్రాడాకి రాశారు. పన్నెండింటిలో తొమ్మిది రౌండ్లు ఎస్ట్రాడావి అట! ఆ కార్డు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సౌత్‌పా_విశాఖ:

నేను అప్పుడే రౌండ్ రౌండుకీ కాగితం మీద మార్కులు వేశాను. 115-113, చోకొలాటిటోకే. అయినా నా ఓటు లోపెజ్‌కి, మారదు.

ఇందూరు_పంచ్:

ఆ ఫైట్ నేను పూర్తిగా చూడలేదు అన్నా. ఈ ఆదివారం మా జిమ్‌లో పిల్లలకి చూపిస్తాను, 44, 46 కిలోల వాళ్లు అయిదుగురున్నారు. ముందు లోపెజ్‌ది ఒకటి, తర్వాత ఇది. లోపెజ్‌ది ఏది చూపించాలో చెప్పండి.

గోదారిగట్టు:

ఆల్వారెజ్‌తో రెండోది పెట్టు తమ్ముడూ, 1998 నవంబరుది. పిల్లలు ఎవరికి ఓటేశారో సోమవారం ఇక్కడ రాయి.