బడి ముందు స్పీడ్ బ్రేకర్ వేయమంటే కుదరదంటున్నారు, ఏం చేయాలి?

బడి కమిటీ మెంబర్: పొద్దున్నుంచి ఈ అర్జీతోనే కూర్చున్నా, తల వాచిపోయింది. బడి ముందు పిల్లలు రోడ్డు దాటలేకపోతున్నారు. స్పీడ్ బ్రేకర్ అడిగితే రూల్స్ ఒప్పుకోవని తిప్పి పంపారు. ఊళ్లో సందుకొకటి ఉంది గదా, మాకే ఎందుకు రూల్స్? ఎలా రాయాలో చెప్పండి సామీ.

పాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్): రోడ్డు ఏ శాఖది?

హెల్మెట్ మామ: ముందు మన సంగతి చూసుకుందాం. బండి మీద ముగ్గురు, ఒక్కరికీ హెల్మెట్ ఉండదు. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ పెట్టాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతోంది. రాంగ్ రూట్లో వచ్చి గేటు ముందే ఆపేదీ మనమే.

బడి కమిటీ మెంబర్: మామా, మా పిల్లలు నడిచి వస్తారు. ఏఈ గారూ, మెయిన్ రోడ్డే సార్. ఏర్పేడు దగ్గర, రేణిగుంట నుంచి కాళహస్తి పోయేది.

పాత ఏఈ: అది 71వ జాతీయ రహదారి. మొదటే చెప్పాల్సింది. హైవే మీద స్పీడ్ బ్రేకర్ వేయరు. చిన్న రోడ్లకైతే ఐఆర్‌సీ (రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మీ సందుల్లో సిమెంటుతో పోసినవి ఏ కొలతకూ రావు.

కాళహస్తి కుర్రోడు: బ్లాక్ స్పాట్, అంటే ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటు అని రాయన్నా, అధికారులు కదులుతారు. 2017లో ఏర్పేడు స్టేషన్ ముందే లారీ జనం మీదికి దూసుకొచ్చింది.

పాత ఏఈ: మనం అనుకుంటే బ్లాక్ స్పాట్ అయిపోదు. సుమారు 500 మీటర్లలో, గడిచిన మూడేళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోయి ఉండాలి. 2017 ఇందులోకి రాదు.

కాళహస్తి కుర్రోడు: పదిమంది పోయేదాకా చూస్తా ఉండాలా?

పాత ఏఈ: ఆ పేరు లేకున్నా అడగొచ్చు. అర్జీలో స్పీడ్ బ్రేకర్ మాట తీసేయండి. బడి పెట్టే వేళ, విడిచే వేళ ఎంతమంది ఎక్కడ దాటుతున్నారు, లారీలెన్ని, బోర్డుకు కొమ్మలు అడ్డమా, బస్సు ఎక్కడ ఆగుతోంది, ఇవన్నీ వారం పాటు రాసి ఫోటోలు జత చేయండి. జీబ్రా గీతలు, దానికి ముందు రంబుల్ పట్టీలు (బండి దడదడలాడేలా రోడ్డుకు అడ్డంగా వేసే ఎత్తు తక్కువ పట్టీలు), బడి హెచ్చరిక బోర్డు, దాటే చోట లైటు అడగండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో పెట్టమనండి. కలెక్టరే దానికి అధ్యక్షుడు.

హెల్మెట్ మామ: రంబుల్ పట్టీలా? ఆ దడదడకు పక్కిళ్ల వాళ్లు నిద్రపోయినట్టే.

బడి కమిటీ మెంబర్: లెక్క మొదలుపెడతాం, థ్యాంక్స్ సార్. పెయింటు మేమే కొని జీబ్రా గీసేస్తే?

పాత ఏఈ: వద్దు.