రెండు గంటలుగా ఇరుక్కున్నా: 'ఇంట్రాన్సిజెంట్'కి తెలుగులో ఏం రాయాలి?

నిద్రలేని_అనువాదం: ఒక్క మాట దగ్గర రెండు గంటలు పోయాయి. ఇంట్రాన్సిజెంట్. 'రాజీపడని' అని పెడితే మెచ్చుకున్నట్టుంది, 'మొండి' అంటే తిట్టినట్టుంది. 'కరడుగట్టిన' అంటే దొంగల ముఠా గుర్తొస్తోంది. పొద్దునకల్లా పంపాలి, ఎవరైనా చెప్పండి బాబూ.

తుమ్మముల్లు: వాక్యం ఏది?

పాత_అటక: వాక్యం సంగతి తర్వాత, ముందు మాట పుట్టుక చూడండి. లాటిన్‌లో 'ట్రాన్సిజెరె' అంటే బేరం తెంచుకుని ఒప్పందానికి రావడం. ట్రాన్సాక్షన్ కూడా దాని పిల్లే. ముందు 'ఇన్' తగిలిస్తే ఒప్పందానికి రానివాడు. మన 'భీష్మించుక్కూర్చోవడం' ఇదేగా!

ఎడమచెయ్యి: రాజకీయమైతే 'అతివాద' అని పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది.

పాత_అటక: అయ్యో, వద్దండీ. అతివాదం అంటే కోరిక ఎంత దూరం పోతుందన్నది. ఇది కోరినదాంట్లో అంగుళం తగ్గకపోవడం. చాలా చిన్న డిమాండు మీద కూడా మెట్టు దిగకుండా కూర్చోవచ్చు.

ఎడమచెయ్యి: సరే, మరి మితవాదం? 1907 సూరత్ కాంగ్రెస్ చీలికలో గోఖలే మితవాది, అంటే మోడరేట్. ఇప్పుడు పత్రికల్లో రైట్ వింగ్ కూడా మితవాదమే. ఇదెక్కడి న్యాయం?

తుమ్మముల్లు: దానికి వేరే చర్చ పెట్టుకోండి. వాక్యం ఏది?

నిద్రలేని_అనువాదం: "1873 జులైలో ఇంట్రాన్సిజెంట్లు కార్తహేనాలో తిరగబడ్డారు." స్పెయిన్ చరిత్ర. చెప్పలేదా నేను?

తుమ్మముల్లు: చెప్పలేదు. మూలంలో పెద్దక్షరంతో ఉందా?

నిద్రలేని_అనువాదం: ఉంది.

తుమ్మముల్లు: అయితే విశేషణం కాదు. వర్గం పేరు. అలాగే ఉంచండి.

పాత_అటక: భలే! ఈ మాట రాజకీయాల్లోకి వచ్చిందే అక్కణ్ణుంచి. స్పెయిన్ ఫెడరల్ రిపబ్లికన్లలో సర్దుకుపోయేవాళ్లని 'బెనెవొలోలు' అన్నారు, వీళ్లని ఇంట్రాన్సిజెంట్లు. మాడ్రిడ్ రాజ్యాంగం రాసిచ్చేదాకా ఆగం, ఎక్కడికక్కడ కాంటన్లు, అంటే సొంత పాలన ఉన్న ప్రాంతాలు, ప్రకటించుకుంటాం అన్నారు. కార్తహేనా 1874 జనవరి దాకా లొంగలేదు. 1880లో పారిస్‌లో హెన్రీ రోష్‌ఫోర్ ఇదే మాటని తన పత్రికకి పేరుగా పెట్టుకున్నాడు. తిట్టయితే పెట్టుకుంటాడా?

తుమ్మముల్లు: పేరు మొదటిసారి వచ్చినచోట 'రాజీకి ఒప్పుకోని వర్గం' అని ఒక ముక్క చేర్చండి. మామూలు విశేషణంగా వస్తే మాత్రం ఎవరి నోటి మాటో చూసుకోవాలి. సమ్మె చేసేవాళ్లు తమది 'రాజీలేని పోరాటం' అంటారు, యాజమాన్యానిది 'మొండి వైఖరి' అంటారు. ఎటూ మొగ్గకూడదంటే 'పట్టు సడలించని'.

ఎడమచెయ్యి: మొండివాడు రాజుకన్నా బలవంతుడని సామెత. అదీ తిట్టేనా?

నిద్రలేని_అనువాదం: పంపేశా, థాంక్సండీ. పదకొండో పేజీలో ఇంకోటి తగిలింది, రేపొస్తా.

ఎడమచెయ్యి: మితవాదం సంగతి ఎవరూ చెప్పలేదు.